మిల్లీగ్రాము రిజిస్టరు

కూతురు బేకరీ నుంచి వచ్చే వేళకి మిల్లీగ్రాము వీధితలుపు పక్కన కుర్చీ వేసి, కుర్చీ పక్కన స్టూలు వేసి, స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి సిద్ధంగా ఉంటాడు. గుడ్డ మీద రక్తంలో చక్కెర చూసే మీటర్, స్ట్రిప్పుల డబ్బా, సూదిపెన్ను, స్పిరిట్ సీసా, దూది, రూళ్ల రిజిస్టరు, రాసుకునే పెన్నులు రెండు. రెండో పెన్ను మొదటిది రాయకపోతే అని. మొదటిది రాయకపోవడం ఇంతవరకూ జరగలేదు. అయినా రెండోది ఉండి తీరాలి.

తూనికలు కొలతల శాఖలో ఆయన ఇన్‌స్పెక్టరు. కొట్టు కొట్టుకీ తిరిగి కాటాలు పరీక్ష చేసి, బాగున్నవాటికి సీసపు సీలు వెయ్యడం పని. ఒకసారి ఒక మందుల తయారీవాళ్ల కాటా రెండు మిల్లీగ్రాముల తేడా చూపించిందని సీలు వెయ్యకుండా తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచి ఆఫీసులో ఆయనకి అసలు పేరు పోయింది. మొదట్లో వెనకాల అనుకునేవాళ్లు, కొన్నాళ్లకి మొహం మీదే మిల్లీగ్రాము అనేశారు. ఆయన కోప్పడలేదు. మెచ్చుకుంటున్నారనుకున్నాడు.

"కూర్చో" అన్నాడు ఆ సోమవారం సాయంత్రం, కూతురు ఇంకా చెప్పులు విడవకముందే.

"కాస్త మొహం కడుక్కుని వస్తాను నాన్నా."

"మొహం ఎక్కడికీ పారిపోదు. వచ్చింది వచ్చినట్టు చూస్తేనే అది లెక్క. కూర్చో."

కూర్చుంది. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల, పొద్దున్నుంచీ నిలబడే ఉంది. కేకుల మీద పూలు చెయ్యడం ఆమె పని. చక్కెర ముద్దని గోళీలంత ఉండలు చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి నొక్కి రేకులు తియ్యాలి. గ్లౌజు వేసుకుంటే రేకు అంచు ఎంత పలచబడిందో వేలికి తెలియదని ఉత్త చేతులతోనే చేస్తుంది. ఆ రోజు నూట నలభై గులాబీలు చేసి, చేతులు ఏప్రానుకి తుడుచుకుని, పరిగెత్తి బస్సు పట్టుకుంది.

మిల్లీగ్రాము లోపలికి వెళ్లి మోచేతుల దాకా రెండుసార్లు సబ్బు రాసుకుని కడుక్కున్నాడు. ఎవరూ ముట్టకూడని తన తువ్వాలుతో తుడుచుకున్నాడు. వచ్చి, కూతురి వేలిని స్పిరిట్ దూదితో ఒత్తి, తడి ఆరేదాకా ఆగి, సూది నొక్కాడు. చుక్క రాగానే స్ట్రిప్పు అందించాడు. మీటర్ అయిదు సెకన్లు ఆలోచించి రెండు వందల నలభై ఒకటి చూపించింది. కూతురి ఫోను తీసి చూశాడు. ఫోనులో నూట పన్నెండు ఉంది.

"చూశావా?" అన్నాడు, దొంగని రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకున్నవాడిలా. "దీన్ని నమ్ముకుని ఉంటే అయిపోయినట్టే మనం."

'దీన్ని' అంటే ఆమె భుజం వెనక అతికించి ఉన్న సెన్సర్‌ని. చొక్కా గుండీకన్నా కాస్త పెద్దది. చర్మం కిందికి వెంట్రుకంత తీగ దింపి, అయిదు నిమిషాలకోసారి చక్కెర ఎంతుందో ఫోనుకి చెబుతుంది. నడుముకి ఉన్న ఇన్సులిన్ పంపు కూడా ఆ అంకె వింటుంది. అంకె పెరిగితే కాస్త ఎక్కువ వదులుతుంది, తగ్గితే ఆపుతుంది. పదో ఏట ఈ జబ్బు వచ్చిన దగ్గర్నుంచీ రోజుకి నాలుగయిదు సూదులు పొడుచుకున్న పిల్లకి, ఏడాది కిందట ఈ రెండూ వచ్చాక కాస్త ఊపిరాడింది. ఊపిరాడనిది మిల్లీగ్రాముకే. సెన్సర్ రక్తాన్ని ముట్టదు, చర్మం కింద నీటిని చూసి అంచనా కడుతుంది. అంచనా అనే మాట వింటేనే ఆయనకి ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంటుంది. రక్తాన్ని చూసేది మీటర్. కాబట్టి మీటర్ చెప్పిందే ప్రమాణం, సెన్సర్ దానికి లొంగి ఉండాలి. తేడా వస్తే మీటర్ అంకెని ఫోనులో కొట్టి సెన్సర్‌ని సరిదిద్దే వీలు వాళ్లే పెట్టారు. ఆ వీలుని ఆయన వాడుకున్నంతగా ప్రపంచంలో ఇంకెవరూ వాడుకుని ఉండరు.

ఇప్పుడూ మీటర్ అంకె కొట్టాడు. ఇంత తేడా ఒక్కసారికి ఫోను నమ్మలేదు. పావుగంట ఆగి మళ్లీ చూసి చెప్పమంది.

"కదలకు" అన్నాడు.

ఫోటోకి కూర్చున్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వంటింట్లోంచి తల్లి తొంగిచూసింది. ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది కాబట్టి బయట ఎంత నెమ్మదిగా మాట్లాడుతుందో, ఆ బాకీ అంతా ఇంట్లో తీర్చుకుంటుంది.

"దాన్ని లోపలికి రానిస్తారా, సీలు వేసి అటునుంచి అటే పంపేస్తారా?"

"పావుగంట" అన్నాడు ఆయన, గడియారం మీంచి చూపు తిప్పకుండా.

పావుగంటకి ఇంకో వేలు గుచ్చాడు. రెండు వందల ముప్ఫై ఆరు. కొట్టాడు. ఈసారి ఫోను ఒప్పుకుంది. కూతురి నడుము దగ్గర పంపు టిక్కుమంది. ఆ చప్పుడంటే ఆయనకి ఇష్టం. తన మాట విన్నందుకు గుర్తు అది.

అంతలో ఆయన అక్కగారు ఫోన్ చేసింది. ఆవిడ ఏ వీడియో చూసినా ముందు తమ్ముడికి పంపుతుంది, తర్వాత చూశావా అని అడగడానికి ఫోన్ చేస్తుంది. "ఆ కేకుల కొట్లో పని మానిపించరాదూ? ఎదురుగా అంత చక్కెర పెట్టుకుంటే జబ్బెలా పోతుందిరా?"

"అక్కయ్యా, చక్కెర తిని తెచ్చుకున్న జబ్బు కాదిది. ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని దాని ఒళ్లే చంపేసుకుంది. అది కేకులు చేసినా ఒకటే, చెప్పులు కుట్టినా ఒకటే. పదకొండేళ్లుగా చెబుతున్నాను."

"నీకన్నీ తెలుసులే" అని పెట్టేసింది ఆవిడ. ఆయన రెండు నిమిషాలు ఫోను వంక కొరకొరా చూసి, రిజిస్టరులో తేదీ, సమయం, సెన్సర్ అంకె, మీటర్ అంకె, తేడా, సవరణ అన్నీ రాసి సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున్న తండ్రీకూతుళ్లు, ఈ జబ్బుకి కొత్త చికిత్స చేసి చూస్తున్నారని తెలిసి, ఆసుపత్రి మూడో అంతస్తులో ఉన్న పరిశోధన విభాగానికి వెళ్లారు. అక్కడి నర్సు వయసులో పెద్దావిడ, కళ్లజోడు తాడుకి వేలాడుతూ ఉంటుంది. ప్రయోగశాలలో పెంచిన కణాల్ని రక్తనాళం ద్వారా కాలేయంలోకి పంపుతారనీ, అవి అక్కడ కుదురుకుంటే ఇన్సులిన్ తయారుచేస్తాయనీ చెప్పింది. ఇంతకుముందు చేయించుకున్నవాళ్లలో కొందరికి బయటి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోయింది. కొందరికి తగ్గింది. కొందరికి ఆశించినంత జరగలేదు.

"అయితే పరాయి కణాల్ని ఒళ్లు ఊరుకోదు కదా. చంపబోతుంది. దాన్ని ఆపడానికి రోజూ మాత్రలు వేసుకోవాలి. వాటివల్ల జలుబు చేసినా, జ్వరం వచ్చినా మామూలుగా తీసుకోడానికి ఉండదు. ఒక ఇబ్బంది పోయి ఇంకో ఇబ్బంది. అందుకే అందరికీ చెయ్యం. ఎంత జాగ్రత్తగా ఉన్నా, ముందు తెలియకుండా చక్కెర కిందికి పడిపోయేవాళ్లకే. ఏడాదిలో కనీసం రెండుసార్లు వేరేవాళ్లు సాయం పట్టాల్సి వచ్చి ఉండాలి."

"రెండుసార్లు అయింది" అన్నాడు మిల్లీగ్రాము. తేదీలు చెప్పాడు. గంటలూ నిమిషాలూ చెప్పబోతే నర్సు చెయ్యెత్తి ఆపింది.

"పడిపోయే ముందు నీకు తెలుస్తుందా అమ్మా? చెమటలు, వణుకు, అలాంటివి?"

కూతురు తండ్రి వంక చూసింది. "ఇదివరకు తెలిసేది. ఇప్పుడు... తెలుస్తోందని నేననుకుంటే అక్కడ అంకె బాగానే ఉంటోంది. నాకే సరిగ్గా తెలియడం లేదేమో."

"తెలియడం పోయిందండీ దానికి" అన్నాడు తండ్రి.

నర్సు రాసుకుంది. ఒక ఫారం ఇచ్చింది. పడిపోయిన ప్రతిసారికీ తేదీ, కారణం, ముందు హెచ్చరిక ఉందా లేదా రాసి గురువారం తెమ్మంది. సెన్సర్ లెక్కలు కూడా అప్పుడే తీసుకుంటానంది.

"ఒక్క మాట మేడమ్" అన్నాడు మిల్లీగ్రాము లేస్తూ. "దీనికి జబ్బు వచ్చినప్పుడు డాక్టరుగారు ఇంకో పదేళ్లలో మందు వచ్చేస్తుందన్నారు. మొన్న పేపర్లో కూడా ఇంకో పదేళ్లలో అని రాశారు. పదకొండేళ్లు గడిచాక పదేళ్లు పదేళ్లుగానే ఎలా ఉంటాయండీ? అరగవా?"

నర్సు నవ్వింది. "నేను ఇరవై ఆరేళ్ల నుంచీ ఇక్కడున్నాను సార్. నాకూ అరగలేదు. ఈసారి కొంచెం అరిగిందనిపిస్తోంది."

ఆ కొంచెం చాలు ఆయనకి. మెట్లు దిగుతూ కూతురి భుజం తట్టాడు. ఆమె మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లిపోయింది.

సాయంత్రం మళ్లీ కుర్చీ, స్టూలు, తెల్లగుడ్డ. సెన్సర్ నూట నలభై ఆరు, మీటర్ రెండు వందల ఇరవై తొమ్మిది. పావుగంట. మళ్లీ సవరణ. పంపు టిక్కుమంది.

ఏడు దాటాక కూతురు సింకు దగ్గర నిలబడి బీన్స్ కడుగుతోంది. తల్లి పొయ్యి ముందుంది.

"నాన్నా, కాళ్లు నావి కానట్టున్నాయి" అంది కూతురు.

మిల్లీగ్రాము వచ్చి ఫోను చూశాడు. "నూట యాభై ఎనిమిది. నిక్షేపంలా ఉన్నావు."

"లోపల వణుకుతున్నట్టుంది."

"బస్సులో నిలబడి వచ్చావు. అలసట. నూట యాభై ఎనిమిది అమ్మలూ, ఇదిగో, నువ్వే చూడు."

ఆమె చూసింది. "అయ్యుంటుందిలే" అని మళ్లీ నీళ్ల కిందికి చేతులు పెట్టింది.

పావుగంట తర్వాత తల్లి కత్తిపీట కోసం వెనక్కి తిరిగితే, కూతురు కడిగిన బీన్సే మళ్లీ కడుగుతోంది. గిన్నె పొంగి నీళ్లు నేల మీదికి కారుతున్నాయి. పిలిస్తే పలకలేదు. కుళాయి వంక చూసి నవ్వుతోంది. తల్లి ఆమెని నడుం పట్టుకుని కింద కూర్చోబెట్టి, పళ్లరసం ప్యాకెట్టు చింపి నోట్లో పోస్తూ, "ఏవండీ!" అని కేక పెట్టింది.

మిల్లీగ్రాము తడి వేలికే, దూది కూడా ఒత్తకుండా, సూది నొక్కాడు. రెండో ప్రయత్నానికి చుక్క వచ్చింది. నలభై మూడు. ఫోను చూశాడు. నూట యాభై ఒకటి అంటోంది.

"చూడు! నూట యాభై అంటోంది, నలభై మూడుకి నూట యాభై! చంపేస్తుంది దీన్ని ఈ మిషను!"

"ముందు పిల్లని చూడండి" అంది తల్లి పంటి బిగువున. కూతురి గడ్డం మీంచి రసం కారుతోంది. కొంచెం కొంచెంగా మింగుతోంది. పదిహేను నిమిషాలకి కళ్లు నిలిచాయి. "ఏమైంది? బీన్స్ అయిపోయాయా?" అని అడిగింది. తల్లి ఏడ్చింది. మిల్లీగ్రాము పక్కగదిలోకి వెళ్లి, తలుపు చేరవేసి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయనకి చాలా భయం వేసింది. ఆ భయాన్ని ఏం చెయ్యాలో తెలియక నర్సు ఇచ్చిన ఫారం ముందేసుకుని, మధ్యాహ్నమే రాసిన రెండు వరసల కింద అలాగే మూడోదీ నింపాడు. కారణం: తెలియదు. ముందు హెచ్చరిక: లేదు.

బుధవారం ఆయన పని రంగుల కొట్లో. అడిగిన రంగు కలిపివ్వడానికి గ్రాముల్లో పొడి తూచే చిన్న కాటా అక్కడుంది. కొట్టు యజమాని నవ్వుమొహం మనిషి, గోళ్లనిండా నీలం. మిల్లీగ్రాము పెట్టె తెరిచాడు. మఖమల్ గుంటల్లో ప్రమాణం బరువులు ఒక్కొక్కటే మెరుస్తున్నాయి. వాటిని పట్టకారుతో తప్ప ఎత్తడు. పట్టకారు కొనలకి కూడా మెత్తటి తోలు చుట్టి ఉంటుంది. అలాంటిది, కాటా పళ్లెం తుడుస్తున్న యజమాని, సాయం చేద్దామనుకున్నాడో ఏమో, వంద గ్రాముల బరువుని రెండు వేళ్లతో తీసి పళ్లెంలో పెట్టేశాడు.

"ముట్టుకోకండి!" ఒంటికాలి మీద లేచాడు మిల్లీగ్రాము.

"ఏమైందండీ? పడెయ్యలేదుగా."

"పడేసినా బాగుండేది. వేలి జిడ్డు అంటుకుంటుందండీ దానికి. ఇక అది వంద గ్రాములు కాదు."

"నా వేలికి ఏముందండీ? ఇప్పుడే గుడ్డతో శుభ్రంగా తుడుచుకున్నాను."

"గుడ్డకి పోదు. చేసే పని చేతిలోనే ఉంటుంది. కంటికి కనబడదు అంతే. అది అంటుకున్నాక నేను తూచేది బరువుని కాదు, మీ వేలిని..."

ఆ మాట దగ్గర ఆగిపోయాడు. పట్టకారు చేతిలో అలాగే ఉంది. యజమాని కంగారుపడ్డాడు. మంచినీళ్లు తెప్పించమంటారా అన్నాడు. మిల్లీగ్రాము విననట్టే పెట్టె మూసి, కాటా రేపు చూస్తానని చెప్పి, బరువుని పళ్లెంలోనే మర్చిపోయి బయటికి నడిచాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో అలా మర్చిపోవడం అదే మొదలు. యజమాని వెంటపడి, బరువుని రుమాల్లో చుట్టి, చెయ్యి తగలకుండా అందించాడు.

ఇంట్లో ఎవరూ లేరు. మిల్లీగ్రాము ఫ్రిజ్ తెరిచాడు. కూతురు వంకర పోయాయని తెచ్చుకున్న చక్కెర గులాబీలు డబ్బాలో ఉన్నాయి. ఒకటి తీసి, ఆమె చేసినట్టే రేకుని వేళ్ల మధ్య నలిపాడు. చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నాడు. వేలు చూసుకుంటే శుభ్రంగా ఉంది. స్పిరిట్ దూదితో ఒత్తాడు, ఆరనిచ్చాడు, సూది నొక్కుకున్నాడు. పదకొండేళ్లలో ఆయన తన వేలిని ఎప్పుడూ గుచ్చుకోలేదు. నొప్పిగానే ఉంది.

ఏ జబ్బూ లేని మిల్లీగ్రాముకి రెండు వందల డెబ్బై నాలుగు చూపించింది మీటర్.

వెళ్లి కుళాయి కింద సబ్బుతో ఆ చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, పక్క వేలు గుచ్చుకున్నాడు. తొంభై రెండు. ఒక్కసారికి లెక్క కాదని మూడు విడతలు చేశాడు. మూడుసార్లూ అంతే. స్పిరిట్ చక్కెరని కడగలేదు. ఏడాదిగా ఆయన మోచేతుల దాకా తోముకున్నది తన చేతుల్ని. గుచ్చినది కడగని ఆ పిల్ల వేలిని. మొహం కడుక్కొస్తానంటే కూర్చోమన్నది కూడా తనే.

రిజిస్టరు తెరిచాడు. సెలవు రోజుల్లో తేడా: నాలుగు, ఆరు, మూడు. పని రోజుల్లో తేడా: నూట ఇరవై, తొంభై, నూట ముప్ఫై. ఇన్నాళ్లూ ఆ వరసలు చూసి బేకరీ పొయ్యి వేడికి సెన్సర్ చెడుతోందని తేల్చుకున్నాడు. దాని మీద కంపెనీకి నాలుగు పేజీల ఫిర్యాదు కూడా రాసి పెట్టుకున్నాడు. ఇప్పుడు కూతురు పడిపోయిన మూడు రోజుల దగ్గరా వేలు పెట్టి చూశాడు. మూడూ పని రోజులే. మూడింటికీ ముందు, గంటకో గంటన్నరకో, సవరణ ఉంది. ఆ అంకె విని పంపు లేని చక్కెరకి ఇన్సులిన్ వదిలింది. ప్రతి సవరణ పక్కనా ఆయన సంతకం ఉంది. పొడవాటి, తోక తిప్పిన సంతకం.

నాలుగింటికి భార్య వచ్చేసరికి ఆయన రిజిస్టరు మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వేళ్లకి ఎర్రటి చుక్కలు. మొత్తం చెప్పాడు. ఆవిడ సంచీ దించకుండా విన్నది. మాటలతో చీల్చి చెండాడేస్తుందనుకున్నాడు. అలా జరిగి ఉంటే ఆయనకి కొంచెం హాయిగా ఉండేది.

"రేపు ఆ నర్సుకి చెప్తారా?" అంది ఆవిడ.

"చెప్పాలి కదా."

"చెప్తే తీసుకోరు కదండీ దాన్ని."

"తీసుకోరు."

"ఈ సూదులూ పంపులూ ఏవీ లేకుండా అది ఒక్కరోజు బతికితే చూడాలని పదకొండేళ్లుగా ఉంది నాకు." సంచీ అప్పుడు దించింది. "ఇకమీదట మీరు ముట్టుకోకండి, అంతే. అయిపోయింది. జరిగినవి జరిగాయి. ఆ ఫారంలో రాసిందేదో రాసి ఉంది. కారణం తెలియదనే కదా రాశారు? నిన్న మనకి తెలియదు కూడా."

ఎప్పుడూ తన మిల్లీగ్రాముల్ని వెక్కిరించే మనిషి ఇలా అడుగుతుంటే ఆయన మీటర్‌ని డబ్బాలో పెట్టి మూత వేశాడు. నిజానికి ఆవిడ అన్న ప్రతి మాటా ఆయన అప్పటికే ఆ కుర్చీలో కూర్చుని తనలో తాను అనుకున్నదే.

సాయంత్రం కూతురు వచ్చి గుమ్మంలో ఆగింది. "కుర్చీ ఏది?"

"వెళ్లి చేతులు కడుక్కో. సబ్బుతో. తర్వాత ఆ సెన్సర్ తీసేసి కొత్తది పెట్టుకో."

"దీనికి ఇంకా నాలుగు రోజులుందిగా?"

"మార్చుకోమన్నానా?" అని కసిరాడు. ఆమె భుజాలు ఎగరేసి లోపలికి పోయింది. ఆ కసురు ఎవరి మీదో ఆయనకి తెలుసు. ఆ పూట ఆమె వేలు గుచ్చలేదు. రిజిస్టరులో బుధవారం వరస ఖాళీగా ఉండిపోయింది.

గురువారం నర్సు ముందు కూర్చునే దాకా మిల్లీగ్రాము ఏదీ తేల్చుకోలేదు. నర్సు ఫారం అడిగింది. సంచీలోంచి తీశాడు. ఇవ్వబోయి, ఇవ్వలేదు.

"ఒక్క నిమిషం మేడమ్. ఇందులో తప్పుంది."

పెన్ను తీశాడు. ఆఫీసు కాగితాల్లో తప్పు దిద్దాలంటే చెరపకూడదు, నల్లగా కొట్టెయ్యకూడదు. అడుగున ఉన్నది చదవడానికి వీలుగా ఒకే ఒక్క గీత గీసి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ముప్ఫై ఏళ్లుగా కింది ఉద్యోగులకి ఆయన నేర్పింది అదే. మూడు చోట్ల 'తెలియదు' మీద గీత గీశాడు. పైన రాశాడు: చేతికి చక్కెర ఉండగా తండ్రి కొలిచి, సెన్సర్‌ని తప్పుగా మార్చాడు. మూడు చోట్లా సంతకం. తర్వాతి గడికి వెళ్లాడు. ముందు హెచ్చరిక: లేదు. గీత గీసి, 'ఉంది. పిల్ల చెప్పింది. తండ్రి వినలేదు' అని రాశాడు. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి.

పక్కనుంచి కూతురు చదువుతోంది. నర్సు కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఆయన రిజిస్టరు కూడా బల్ల మీద పెట్టి, పేజీలు తిప్పి, వేలితో చూపిస్తూ మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. నర్సు మధ్యలో అడ్డు రాలేదు.

"మీటర్ ఇచ్చిన మొదటిరోజే ఆసుపత్రిలో చెప్పారు చేతులు కడుక్కోవాలని" అంది కూతురు, ఎవరితోనూ కానట్టు. "నాన్న దూదితో తుడుస్తున్నాడుగా, చాల్లే అనుకున్నాను. ఆ కుర్చీలో కూర్చునేసరికే ఒంట్లో ఓపిక ఉండేది కాదు."

"ఇందులో నీ తప్పు లేదు" అన్నాడు తండ్రి.

"లేదని నాకూ తెలుసు నాన్నా." ఆమె గొంతు పెరిగింది. "సంవత్సరం! కాళ్లు తేలిపోతున్నాయని చెప్పిన ప్రతిసారీ ఆ ఫోను నా మొహం ముందు పెట్టావు. నాకు అనిపించేదంతా నా భ్రమే అనుకున్నాను. పనిలో ఒళ్లు తూలినా చెప్పడం మానేశాను, తెలుసా నీకు? ఏం అనిపించినా ముందు అంకె చూసుకోవడం, అంకె బాగుంటే నోరు మూసుకోవడం. నా ఒళ్లు నాకు ఏమీ చెప్పడం లేదని ఈవిడతో అన్నాను మొన్న. అది చెబుతూనే ఉంది!"

మిల్లీగ్రాము రిజిస్టరు మూసి సంచీలో పెట్టేశాడు.

నర్సు ఫారం మడిచి ఫైల్లో పెట్టింది. "ఇప్పుడైతే అమ్మాయిని తీసుకోలేం. మూడు నెలలు సెన్సర్‌ని దాని మానాన వదిలెయ్యండి. అనుమానం వస్తే చేతులు కడుక్కుని చూసుకో అమ్మా, నువ్వే చూసుకో. నీకేమనిపించిందో అది కూడా రాసి ఉంచు. అప్పుడూ ఇలా పడిపోతుంటే రండి. పడకపోతే, మాతో నీకు పనిలేదన్నమాట. అది చెడ్డ కబురు కాదు." ఆగి, మిల్లీగ్రాము వంక చూసింది. "ఫారాలు దిద్దడానికి వచ్చేవాళ్లు ఇక్కడ తక్కువ సార్. చేర్చుకునేలా బాగా రాయడానికే వస్తారు."

ఆ మెప్పు ఆయనకి ఎక్కడా తగల్లేదు. పదకొండేళ్ల ఆశని తన పెన్నుతోనే ఒక గీత గీసి వచ్చాడు. మూడో అంతస్తు నుంచి కిందికి కూతురు రెండు మెట్లు ముందు, ఆయన వెనక. బస్సు స్టాపులో బెంచీ మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. ఒక బస్సు వచ్చి వెళ్లిపోయింది. అది వాళ్లదే. ఇద్దరూ లేవలేదు.

"నాన్నా" అంది కూతురు కాసేపటికి.

"ఊఁ."

"కాళ్లు తేలుతున్నట్టుంది."

ఆమె ఫోను ఇద్దరి మధ్యా బెంచీ మీదే ఉంది. నూట పద్దెనిమిది అని పచ్చగా వెలుగుతోంది. మిల్లీగ్రాము అది చూశాడు. ఆమె తనని చూస్తోందని కూడా ఆయనకి తెలుసు. అలవాటుగా చెయ్యి సంచీలోకి వెళ్లింది. మీటర్ డబ్బా తగిలింది. దాన్ని పక్కకి నెట్టి, అడుగున ఉన్న పళ్లరసం ప్యాకెట్టు తీశాడు. స్ట్రా గుచ్చి అందించాడు.

ఆమె తాగింది. రెండో బస్సు వచ్చేదాకా ఆయన పక్కనే కూర్చుని, రంగు తిరిగి వస్తున్న ఆమె మొహం వంకే చూశాడు. ఫోనులో ఎంత ఉందో మళ్లీ చూడలేదు.